అమోలెడ్ తెరల గురించి రాస్తున్నారు, ఆ గాజు పైపొర గురించి కూడా రాయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. కొత్త ఫోన్ మార్కెట్లోకి వచ్చినప్పుడల్లా మీ పత్రికలో తెర సైజు ఎంత, అమోలెడ్డా ఎల్‌సీడీయా, ఎండలో ఎలా కనిపిస్తుంది అని వివరంగా వేస్తున్నారు. మంచిదే, కొనేవాళ్లకు కావలసింది అదే. తెరల ఫ్యాక్టరీ మీద ఏ ప్రకటన వచ్చినా మొదటి పేజీలో ఇస్తున్నారు, అదీ అవసరమే. 2021 డిసెంబరులో కేంద్ర కేబినెట్ చిప్పులకూ డిస్‌ప్లేలకూ కలిపి 76,000 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించినప్పుడు, ఆ తర్వాత 2022 జూన్‌లో తెలంగాణలో 24,000 కోట్లతో అమోలెడ్ ఫ్యాక్టరీ పెట్టడానికి ఒప్పందం మీద సంతకాలు జరిగినప్పుడు మా కాలేజీ స్టాఫ్ రూములో కూడా అదే చర్చ. ఫిజిక్స్ పిల్లలు వచ్చి, మేడమ్ మాకు ఇక్కడే ఉద్యోగాలు వస్తాయా అని అడిగారు. ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే కోట్ల గురించి కాదు, ఇంకో విషయం మాట్లాడాలి. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, కుదించి వేసుకున్నా పర్వాలేదు, కానీ అసలు విషయం మాత్రం తీసేయొద్దని మనవి.

ఆ విషయం ఏమిటంటే, ఓఎల్‌ఈడీలో, అంటే అమోలెడ్ తెరలో వెలుగునిచ్చే కర్బన పొరల దీపంలో, కరెంటును లోపలికి పంపే పారదర్శక ఎలక్ట్రోడ్ ఉంటుంది కదా, దాని పైపొర. పైపొర అంటే మరీ పైన ఉన్న రెండు మూడు అణువుల మందం. దాన్ని ఎలా కడిగాం, ఏ వాయువు తగిలించాం, ఆ తర్వాత ఎంతసేపట్లో దాని మీద తర్వాతి పొర వేశాం అన్నదాని మీద ఆ పరికరం ఎన్ని వోల్టులకు వెలుగుతుంది, ఎంత కాంతి ఇస్తుంది, ఎన్నాళ్లు బతుకుతుంది అన్నది చాలావరకు తేలిపోతుంది. నేను పీహెచ్‌డీ చేసేటప్పుడు ఓఎల్‌ఈడీల ల్యాబులో పనిచేశాను, ఇప్పుడు డిగ్రీ, పీజీ పిల్లలకు పాఠం చెబుతున్నాను. మన దగ్గర ఈ రంగంలో పనిచేయాలనుకునే పిల్లలకు ముందుగా నేర్పాల్సింది ఇదే, మనం అసలు నేర్పనిది కూడా ఇదే అని గట్టిగా నమ్ముతున్నాను.

ముందు ఆ పరికరం ఎలా ఉంటుందో రెండు మాటల్లో చెబుతాను. ల్యాబులో చేసే మామూలు ఓఎల్‌ఈడీకి అడుగున గాజు పలక. దాని మీద ఇండియం టిన్ ఆక్సైడ్ పూత, దాన్నే అందరూ ఐటీఓ అంటారు. బరువులో 90 శాతం ఇండియం ఆక్సైడ్, 10 శాతం టిన్ ఆక్సైడ్, మందం సుమారు 100 నుంచి 150 నానోమీటర్లు. కంటికి కనిపించే కాంతిలో 80 శాతం పైగా దాని గుండా పోతుంది, మళ్లీ కరెంటు కూడా పారుతుంది. ఈ రెండు గుణాలూ ఒకేచోట దొరకడం చాలా అరుదు, అందుకే ఇన్నేళ్లయినా దాన్ని పూర్తిగా పక్కకు తప్పించే పదార్థం రాలేదు. ఐటీఓ మీద కర్బన పదార్థాల పొరలు రెండో మూడో, అన్నీ కలిపి 100 నానోమీటర్లకు అటూ ఇటూ, అంటే వెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు. వాటి మీద అల్యూమినియం లాంటి లోహం. లోహం వైపు నుంచి ఎలక్ట్రాన్లు, ఐటీఓ వైపు నుంచి హోల్స్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు, ధనావేశంలా నడుస్తాయి) వస్తాయి, మధ్యలో కలిసినచోట వెలుగు పుడుతుంది, ఆ వెలుగు ఐటీఓ, గాజు దాటుకుని బయటికి వస్తుంది. 1987లో అమెరికాలోని రోచెస్టర్‌లో కొడాక్ కంపెనీ శాస్త్రవేత్తలు టాంగ్, వాన్‌స్లైక్ ఈ పద్ధతిలోనే రెండు పొరలు వేసి, 10 వోల్టుల లోపే చదరపు మీటరుకు 1000 క్యాండెలాలకు పైగా కాంతి వస్తుందని చూపించారు. ఇవాళ మన జేబుల్లో ఉన్న అమోలెడ్ ఫోన్లన్నిటికీ మొదలు అక్కడే.

ఇప్పుడు అసలు చిక్కు. మామూలుగా కడిగిన ఐటీఓకి వర్క్ ఫంక్షన్, అంటే దానిలోంచి ఒక ఎలక్ట్రాన్‌ని బయటికి లాగడానికి కావలసిన శక్తి, 4.5 నుంచి 4.7 ఎలక్ట్రాన్ వోల్టుల దాకా ఉంటుంది. దాని మీద వేసే ఎన్‌పీబీ లాంటి కర్బన పదార్థంలో హోల్స్ నడిచే స్థాయి 5.4 దగ్గర. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా సుమారు 0.8 అనుకుందాం. గది వేడిలో ఒక్కో కణానికి సహజంగా ఉండే శక్తి 0.025 మాత్రమే. అంటే హోల్ దాటాల్సిన అడ్డు, దాని దగ్గరున్న శక్తికి ముప్పై రెట్లకు పైనే. పుస్తకంలో ఉండే సాదా లెక్క ప్రకారం ఈ అడ్డు 0.06 తగ్గితే చాలు, దాటే హోల్స్ పది రెట్లు పెరగాలి. నిజం పరికరంలో అంత నీటుగా జరగదనుకోండి, అయినా దిశ మాత్రం అదే. అడ్డు ఎక్కువగా ఉంటే ఏమవుతుంది? ఇటు హోల్స్ చాలినన్ని రావు, అటు నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లకు జత దొరక్క అవి వృథాగా ఇవతలి గట్టు దాకా వచ్చేస్తాయి, వెలుగు రావాలంటే వోల్టేజీ పెంచాల్సి వస్తుంది, పెంచితే వేడి, వేడికి కర్బన పొరలు పాడైపోతాయి. ఒక్క ఉపరితలం సరిగ్గా లేకపోతే దాని వెనకాల ఇన్ని కష్టాలు వరుసకడతాయి.

ఆక్సిజన్ ప్లాస్మా (విద్యుత్తుతో అయాన్లుగా విడగొట్టిన వాయువు) గానీ అతినీలలోహిత కాంతితో ఓజోన్ గానీ తగిలిస్తే ఐటీఓ వర్క్ ఫంక్షన్ 5 దగ్గరికి, ఒక్కోసారి ఇంకాస్త పైకి కూడా పోతుంది. 1997లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం బృందం ప్రచురించిన ఫలితాలు నేను మొదటిసారి చదివినప్పుడు ఎంత ఆశ్చర్యపోయానో ఇప్పటికీ గుర్తుంది. పదార్థాలు మార్చలేదు, పొరల మందం మార్చలేదు, ఐటీఓకి ఆక్సిజన్ ప్లాస్మా తగిలించారంతే. అంతకుముందు 20 వోల్టులకు పైగా అడిగిన పరికరం 10 వోల్టుల లోపే పనిచేసింది, సామర్థ్యం దాదాపు నాలుగు రెట్లయింది, మన్నిక కూడా పెరిగింది. కొత్త అణువు తయారుచేయడానికి కెమిస్ట్రీ వాళ్లు ఏళ్ల తరబడి కష్టపడతారు, ఇక్కడ నిమిషాల పనితో అంత ఫలితం వచ్చింది. కొత్త అణువుల పనిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆ అణువు నిజంగా ఎంత గొప్పదో తెలియాలన్నా దాని కింద ఉన్న గాజు సరిగ్గా ఉండాలి కదా.

ప్లాస్మా అక్కడ ఏం చేస్తుంది అన్నది కూడా ఆసక్తికరమైన విషయమే. గాలిలో ఉంచిన ఏ వస్తువు మీదైనా కర్బన మలినాల పలుచని పొర పేరుకుంటుంది, మన వంటింటి ఆవిరి, వార్నిష్, పెట్రోలు, చేతి జిడ్డు, ఏదైనా సరే. ఐటీఓ మీద కూడా అంతే, కంటికి మిలమిలా మెరుస్తున్నా దాని మీద మురికి ఉంటుంది. ఆక్సిజన్ ఆ కర్బనాన్ని కాల్చి కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా పంపేస్తుంది. అంతటితో ఆగదు, ఉపరితలంలో ఖాళీగా ఉన్న ఆక్సిజన్ స్థానాలు నిండుతాయి, పైన రుణావేశం ఉన్న ఆక్సిజన్ వరుస ఒకటి ఏర్పడి ఎలక్ట్రాన్లు బయటికి రావడం కష్టమవుతుంది, అంటే వర్క్ ఫంక్షన్ పెరుగుతుంది. మలినం పోవడం వల్ల ఎంత, ఈ ఆక్సిజన్ వరుస వల్ల ఎంత అన్నది అప్పట్లో పెద్ద చర్చే. కొడాక్ వాళ్లు 1999లో ఎక్స్‌రే, అతినీలలోహిత ఫొటో ఎలక్ట్రాన్ పద్ధతులతో ఈ ఉపరితలాలను పరీక్షించి, కర్బనం తగ్గడం, ఆక్సిజన్ పెరగడం రెండూ జరుగుతున్నాయని చూపించారు. ఫాస్ఫారిక్ ఆమ్లంలో ముంచితే కూడా వర్క్ ఫంక్షన్ పెరుగుతుంది, క్షారంలో ముంచితే తగ్గుతుంది. హైడ్రోజన్ ప్లాస్మా అయితే ఉల్టా, ఉన్నది కూడా పాడుచేస్తుంది. అంటే ప్లాస్మా అనే మాట విన్నంత మాత్రాన సరిపోదు, ఏ వాయువు, ఎంత పవర్, ఎంతసేపు అన్నది తెలియాలి. ఎక్కువసేపు పెడితే ఐటీఓలో కరెంటు మోసే ఎలక్ట్రాన్లను ఇచ్చే ఆ ఆక్సిజన్ ఖాళీలే తగ్గిపోయి నిరోధం పెరుగుతుంది, మరీ పవర్ పెంచితే ఉపరితలం గరుకుదేరుతుంది.

ల్యాబులో ఈ పని దగ్గరుండి చూస్తే ఎలా ఉంటుందో మీ పాఠకులకు చెప్పాలని ఉంది, ఎందుకంటే ఇది పెద్ద పెద్ద యంత్రాల పని అని అందరూ అనుకుంటారు. ముందుగా ఐటీఓ గ్లాసును చిన్న చిన్న ముక్కలు కోసుకుంటాం. పూత ఏ వైపు ఉందో కంటికి తెలియదు. మల్టీమీటర్ రెండు మొనలూ పెడితే పూత ఉన్న వైపు కొన్ని పదుల ఓమ్‌లు చూపిస్తుంది, లేని వైపు ఏమీ చూపించదు. తర్వాత ఎలక్ట్రోడ్ కావలసినంత మేర టేపు అంటించి, మిగతాచోట జింకు పొడి చల్లి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే బుసబుసా పొంగి అక్కడి పూత పోతుంది. ఫ్యూమ్ హుడ్ (విష ఆవిర్లను బయటికి లాగేసే పెట్టె) లేకుండా ఈ పని చేయకూడదు, గాగుల్స్ లేకుండా అసలు చేయకూడదు. టేపు తీస్తే దాని జిగురు అంచుల్లో మిగులుతుంది. ఆ కాస్త జిగురే తర్వాత ప్రాణం తీస్తుంది, పిల్లలు ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది కూడా దాన్నే.

ఇక కడగడం. చేతులకు గ్లవ్స్ వేసుకుని సబ్బు ద్రావణంతో మెల్లగా రుద్ది, టెఫ్లాన్ స్టాండులో నిలబెట్టి, సోనికేటర్‌లో, అంటే శబ్ద తరంగాలతో మురికి వదిలించే తొట్టెలో, సబ్బు నీళ్లు, డీఐ వాటర్ (లవణాలు తీసేసిన నీళ్లు), అసిటోన్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) అని వరుసగా ఒక్కోదాంట్లో పది పదిహేను నిమిషాలు ఉంచుతాం. అసిటోన్ లోంచి తీసిన గ్లాసును ఆరనివ్వకూడదు. ఆరితే కరిగిన మలినమంతా మరకలై అక్కడే కూర్చుంటుంది, అందుకే తడిగా ఉండగానే ఐపీఏలోకి మార్చాలి. చివర్లో ట్వీజర్‌తో మూల పట్టుకుని నైట్రోజన్ గన్‌తో ఒక వైపు నుంచి ఇంకో వైపుకు తోసినట్టు ఊదాలి, అటూ ఇటూ ఊదితే చుక్కలు ఆరిపోయి గుర్తులు మిగులుతాయి. చేయి తిరిగినవాళ్లు చేస్తే చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కొత్తవాళ్లకు మాత్రం ఇది పట్టుబడడానికి టైమ్ పడుతుంది, వీడియో చూసి వచ్చే పని కాదు.

ఆ తర్వాత యూవీ ఓజోన్ పెట్టె. చూడ్డానికి చిన్న డ్రాయరు లాంటిదే, లోపల పాదరసం దీపం. ఆ దీపం 185 నానోమీటర్ల కాంతి గాల్లోని ఆక్సిజన్‌ని ఓజోన్‌గా మారుస్తుంది, 254 నానోమీటర్ల కాంతి ఆ ఓజోన్‌ని విడగొట్టి ఒంటరి ఆక్సిజన్ పరమాణువులను వదులుతుంది, అవే మురికిని కాల్చేది. పది ఇరవై నిమిషాలు చాలు. మూత తీయగానే ఘాటు వాసన వస్తుంది, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఎగ్జాస్ట్ ఉండాల్సిందే. ఇప్పుడు పరీక్ష. కడిగి ఆరబెట్టిన ముక్క మీద, యూవీ ఓజోన్ చేసిన ముక్క మీద ఒక్కో చుక్క డీఐ వాటర్ వేయండి. మొదటిదాని మీద చుక్క గుండ్రంగా లేచి నిలబడుతుంది. రెండోదాని మీద పడీ పడగానే పరుచుకుపోయి అంచు ఎక్కడుందో కూడా తెలియదు. ఆ ముక్కలు ఎన్నిటిని చూసినా పిల్లల మొహాల్లో అదే ఆశ్చర్యం. క్లాసులో వర్క్ ఫంక్షన్ గురించి బోర్డు మీద ఎంత చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క చుక్కతో ఎక్కుతుంది. నిజానికి నీళ్లు పరుచుకోవడం వేరు, వర్క్ ఫంక్షన్ పెరగడం వేరు, రెండూ ఒకటి కాదు. కానీ మురికి పోయిందా లేదా అన్నది మాత్రం చుక్క చెబుతుంది.

ఇక్కడే గడియారం మొదలవుతుంది. ట్రీట్‌మెంట్ చేసిన ఉపరితలం అలా ఉండిపోదు. గాలిలో ఉంచితే మళ్లీ మలినాలు చేరతాయి, ఆక్సిజన్ వరుస సడలుతుంది, గంటలు గడిచేకొద్దీ వర్క్ ఫంక్షన్ కిందికి దిగుతుంది. అందుకే యూవీ ఓజోన్ పెట్టె, స్పిన్ కోటర్ (గాజుని గిరగిరా తిప్పి ద్రావణాన్ని పలుచగా పరిచేది), గ్లవ్ బాక్సు (గాలి, తేమ చొరబడని పెట్టె), ఎవాపరేటర్ (శూన్యంలో పదార్థాన్ని ఆవిరిచేసి పొర వేసే యంత్రం) అన్నీ ఒకే చోట, వీలైతే ఒకే గదిలో ఉండాలి. తీసిన వెంటనే లోపలికి పోవాలి.

ఇప్పుడు నా కంప్లయింటు చెబుతాను. నాకు బాగా తెలిసిన ఒక విద్యాసంస్థలో, పేరు అనవసరం, పెద్ద మొత్తం పెట్టి ఎవాపరేటర్ కొన్నారు, ప్రారంభోత్సవం చేశారు, ఫొటోలు వచ్చాయి. యూవీ ఓజోన్ క్లీనర్ కావాలని అడిగితే, గాజు తుడవడానికి లక్షలు ఎందుకు అని ఫైలు తిప్పి పంపారు. అక్కడి స్కాలర్లు గ్లాసులు వేరే ఊళ్లో ఉన్న ల్యాబుకు పట్టుకెళ్లి ట్రీట్‌మెంట్ చేయించి, డబ్బాలో పెట్టుకుని బస్సెక్కి తిరిగొచ్చి, మర్నాడు పొరలు వేసేవాళ్లు. ఆ పాటికి చేసిన ట్రీట్‌మెంట్‌లో ఏమీ మిగలదు. పరికరం వెలిగితే ఎక్కువ వోల్టేజీకి వెలుగుతుంది, లేకపోతే షార్ట్ అవుతుంది, పొద్దున ఒకలా సాయంత్రం ఇంకోలా ఫలితాలు. గైడ్ మీ చేతిలో పనితనం లేదంటాడు, వీళ్లేమో టెన్షన్‌తో నిద్రలు మానుకుంటారు. ఆ పిల్లల్లో తెలివికి గానీ కష్టానికి గానీ లోటు లేదు. ఇలాంటి కథ ఒక్కచోటే జరిగిందని నేను అనుకోవడం లేదు.

ఈ ఉత్తరం చదివే నిపుణులు ఒక అభ్యంతరం చెబుతారని తెలుసు. ఇప్పుడు ఫోన్ తెరల్లో కాంతి గాజు వైపు నుంచి కాకుండా పైవైపు నుంచి వస్తుంది, అడుగున ఉండే యానోడులో, అంటే హోల్స్‌ని పంపే ఎలక్ట్రోడ్‌లో, వెండి ఉండి దానికి అటూ ఇటూ ఐటీఓ ఉంటుంది, దాని మీద హోల్స్‌ని తేలిగ్గా లాక్కునే ప్రత్యేక పొర వేస్తారు, హెచ్‌ఏటీ-సీఎన్ అనో, మాలిబ్డినం ఆక్సైడ్ అనో, డోపింగ్ చేసిన (వేరే పదార్థం కొద్దిగా కలిపిన) పొర అనో, అలాంటప్పుడు ఐటీఓ వర్క్ ఫంక్షన్ ఎంత ఉంటే ఏం అని. సగం నిజమే. ఆ పొరలు వచ్చాక శక్తి అడ్డు సమస్య చాలావరకు తగ్గింది, కాదనను. కానీ మురికి సంగతేమిటి? ఐటీఓని స్పటరింగ్‌తో (అయాన్లతో కొట్టి అణువులను రాల్చి పూత వేసే పద్ధతి) వేసినప్పుడు అక్కడక్కడా పదుల నానోమీటర్ల ఎత్తున ముళ్లు లేస్తాయి. వాటి మీద 100 నానోమీటర్ల కర్బన పొర వేస్తే ఆ మొన దగ్గర పొర పలచబడి కరెంటంతా అక్కడే దూకుతుంది, మొదట లీకేజ్, తర్వాత షార్ట్. ఒక్క దుమ్ము కణం చాలు, దాని చుట్టూ పొరకి చిల్లు పడి తేమ దిగి నల్ల చుక్క మొదలవుతుంది, రోజులు గడిచేకొద్దీ పెరుగుతుంది. దీన్ని ఏ ప్రత్యేక పొరా కప్పిపెట్టలేదు.

పెడాట్ పీఎస్ఎస్ అనే పాలిమర్ సంగతి చూడండి. నీళ్లలో కలిపి స్పిన్ కోటర్‌తో ఐటీఓ మీద వేస్తారు, గరుకుని కప్పుతుంది, వర్క్ ఫంక్షన్ 5కి పైగా ఇస్తుంది, అందుకే ఏళ్ల తరబడి అందరూ వాడారు. కానీ ముందు ఆ గాజు మీద నీళ్లు పరుచుకుంటేనే అది సమంగా పడుతుంది, అంటే మళ్లీ ప్లాస్మా దగ్గరికే వచ్చాం. పైగా దానికి పులుపు ఎక్కువ, ఆ ఆమ్లం ఐటీఓనే మెల్లగా తింటుంది, ఇండియం కదిలి పై పొరల్లోకి చేరుతుంది. ఇంక్‌జెట్ పద్ధతిలో తెరలు ముద్రించేవాళ్లయితే ఉపరితలంతోనే బతుకుతారు. పిక్సెల్ అడుగున ఐటీఓ మీద ఇంకు పరుచుకోవాలి, పిక్సెళ్లను వేరుచేసే పక్క గట్టు మీద మాత్రం పరుచుకోకూడదు, లేకపోతే ఎరుపు వెళ్లి ఆకుపచ్చలో పడుతుంది. అందుకని ఆక్సిజన్ ప్లాస్మా, ఆ తర్వాత కార్బన్ టెట్రాఫ్లోరైడ్ ప్లాస్మా పెడతారు, మొదటిది ఐటీఓని తడిసేలా చేస్తుంది, రెండోది గట్టుని తడవకుండా చేస్తుంది. ఇంత చక్కని పని ఎక్కడ జరుగుతోంది? ఉపరితలం మీదే.

ఇంకా ముందుకు పోతే 2011లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయం వాళ్లు ఐటీఓ ఉపరితలానికి క్లోరిన్ అంటించారు. మామూలు ద్రావణి ఒకటి, అతినీలలోహిత కాంతి, అంతే సరంజామా. వర్క్ ఫంక్షన్ 6 ఎలక్ట్రాన్ వోల్టులు దాటింది. మధ్యలో ఏ పొరా లేకుండా హోల్స్ నేరుగా వెలుగునిచ్చే పదార్థంలోకి దిగాయి, పరికరం కట్టడమే సులువైపోయింది. సోలార్ సెల్స్ వైపు చూసినా ఇదే పని. బెర్లిన్‌లోని హెల్మ్‌హోల్ట్స్ కేంద్రం, లిథువేనియాలోని కౌనాస్ పరిశోధకులు కలిసి ఫాస్ఫోనిక్ ఆమ్లం తోక ఉన్న కార్బజోల్ అణువులను ఐటీఓ మీద ఒకే ఒక్క అణువు మందంతో నిలబెట్టారు. ఆ పొరతోనే 2020లో సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థం పేర్చిన జంట సెల్ 29.15 శాతం సామర్థ్యం చూపింది. ఆ అణువులు ఐటీఓని పట్టుకోవాలంటే దాని మీద ఆక్సిజన్, హైడ్రాక్సిల్ గుంపులు సరిగ్గా ఉండాలి, అంటే ముందు మనం చెప్పుకున్న యూవీ ఓజోనే. ఓఎల్‌ఈడీ కోసం నేర్చుకున్న చేయి సోలార్‌కి కూడా పనికొస్తుంది. ఫ్యాక్టరీ వచ్చినా రాకపోయినా ఈ విద్య పిల్లలకు వృథా పోదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇండియం దొరకడం కూడా ఒక సమస్యే. అది జింకు తీసేటప్పుడు ఉప ఉత్పత్తిగా వచ్చే లోహం, విడిగా గనులు లేవు, ప్రపంచ ఉత్పత్తిలో పెద్ద వాటా చైనాది, 2025 ఫిబ్రవరిలో చైనా దాని ఎగుమతుల మీద నియంత్రణ పెట్టింది. అందుకని వెండి నానోతీగలు, గ్రాఫీన్, కార్బన్ నానోట్యూబులు అని అందరూ వెతుకుతున్నారు. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత పరిశోధన కేంద్రంలో చేసిన ఒక పని నాకు చాలా ఇష్టం. గాజు మీద ఒక పూత వేసి ఆరనిస్తారు, ఎండాకాలం చెరువు అడుగు బీటలు వారినట్టు అది బీటలు వారుతుంది, ఆ బీటల్లోకి లోహం దింపి మిగతా పూత కడిగేస్తే గాజు మీద సన్నని లోహపు వల మిగులుతుంది. కాంతి పోతుంది, కరెంటు పారుతుంది, ఇండియం అక్కర్లేదు. మన దేశంలో, తక్కువ ఖర్చుతో అయ్యే పని. అయితే వెండి తీగలైనా, లోహపు వలైనా, దాని మీద 100 నానోమీటర్ల పొర వేయాలంటే ఎత్తుపల్లాలు సరిచేయాలి, మురికి తీయాలి, హోల్స్ దిగేలా ఉపరితలం మార్చాలి. పదార్థం మారింది గానీ పని మారలేదు.

మన దగ్గర చేయగలిగినవాళ్లు లేరా అంటే ఉన్నారు. హైదరాబాద్‌లోనే ఐఐసీటీ (రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ) ఉంది, ఏఆర్‌సీఐ (కొత్త పదార్థాల పరిశోధన కేంద్రం) ఉంది, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉంది, సంగారెడ్డి దగ్గర ఐఐటీ ఉంది. ఐఐటీ కాన్పూర్‌లో ఫ్లెక్సిబుల్ ఎలక్ట్రానిక్స్‌కి జాతీయ కేంద్రమే ఉంది. పెద్ద సంస్థల్లో సీటు వచ్చిన కొద్దిమందికి పర్వాలేదు. కానీ రెండు రాష్ట్రాల్లోనూ ఎమ్మెస్సీ ఫిజిక్స్, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివే పిల్లల్లో ఎక్కువమంది రాష్ట్ర యూనివర్సిటీల్లో, వాటి అనుబంధ కాలేజీల్లో ఉన్నారు. వాళ్లలో చాలామంది ఐటీఓ గ్లాసును చేత్తో ముట్టుకోకుండానే డిగ్రీ పట్టా పుచ్చుకుని బయటికొస్తున్నారు. ఫోటో ఎలక్ట్రిక్ ఫలితం పాఠంలో వర్క్ ఫంక్షన్ ఉంది, సమీకరణం ఉంది, పరీక్షలో లెక్క ఉంది. ఆ వర్క్ ఫంక్షన్ మన చేత్తో మార్చుకోవచ్చనీ, మారిస్తే దీపం వెలుగుతుందనీ ఎవరూ చూపించడం లేదు. రేపు ఫ్యాక్టరీ వస్తే ఇంజినీర్లు ఎక్కడినుంచి వస్తారు? కొరియా నుంచో తైవాన్ నుంచో నిపుణులను తెచ్చుకుని మన పిల్లలను ప్యాకింగ్ లైనులో నిలబెడితే ఆ ఒప్పందాల వల్ల మనకు దక్కేది ఏముంటుంది?

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ప్రతి రాష్ట్ర యూనివర్సిటీలో ఉపరితలాల కోసం ఒక చిన్న ఉమ్మడి ల్యాబు పెట్టండి. ఫ్యూమ్ హుడ్, సోనికేటర్, డీఐ వాటర్ యూనిట్, నైట్రోజన్, యూవీ ఓజోన్ క్లీనర్, నీటి చుక్క కోణం కొలిచే కెమెరా, స్పిన్ కోటర్. ఇందులో ఏదీ కోట్ల వస్తువు కాదు, యూవీ ఓజోన్ క్లీనర్ కొన్ని లక్షల్లో వస్తుంది. వర్క్ ఫంక్షన్ కొలిచే కెల్విన్ ప్రోబ్ కాస్త ఖరీదు, దాన్ని రెండు మూడు యూనివర్సిటీలకు కలిపి ఒకటి పెట్టినా చాలు. చుట్టుపక్కల కాలేజీల వాళ్లు స్లాటు బుక్ చేసుకుని వాడుకునేలా ఉండాలి, డిపార్టుమెంటు హెడ్ బీరువా తాళంలో ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ ల్యాబులో పర్మినెంట్ టెక్నీషియన్ ఒకరు ఉండాలి. దీపం ఎన్ని గంటలు వెలిగిందో రాసిపెట్టేవాళ్లు, సోనికేటర్ నీళ్లు మార్చేవాళ్లు, కొత్త పిల్లాడికి ట్వీజర్ ఎలా పట్టుకోవాలో పక్కన నిలబడి చూపించేవాళ్లు. యంత్రాలకు డబ్బు శాంక్షన్ చేస్తారు గానీ ఈ మనిషి జీతానికి ఎవరూ చేయరు, ఆ మనిషి లేకపోతే ఏడాది తిరక్కుండా దీపం పోతుంది, కొత్తది కొనే ఫైలు ఇంకో ఏడాది తిరుగుతుంది.

సిలబస్‌లో కూడా ఒక ప్రాక్టికల్ పెట్టొచ్చు. కడిగిన ఐటీఓ, కడగని ఐటీఓ, యూవీ ఓజోన్ చేసినది, చేసి ఒక రోజు గాల్లో వదిలేసినది, నాలుగింటి మీదా నీటి చుక్క కోణం కొలిచి గ్రాఫు గీయమనండి. ఎవాపరేటర్ కూడా అక్కర్లేదు. యూనివర్సిటీ బోర్డుల్లో ఉన్నవాళ్లు ఎవరైనా ఈ ఉత్తరం చదివితే, ఆ ప్రాక్టికల్ రాతప్రతి తయారుచేసి ఇవ్వడానికి నాలాంటి టీచర్లు చాలామంది సిద్ధంగా ఉన్నారు, పైసా తీసుకోం.

మీకు కూడా ఒక విన్నపం, సంపాదకులు గారూ. ఈసారి తెరల ఫ్యాక్టరీ మీద ప్రెస్ మీట్ జరిగినప్పుడు మీ విలేకరి పెట్టుబడి ఎంత, ఎకరాలెన్ని అని అడిగాక ఇంకో రెండు ప్రశ్నలు అడిగేలా చూడండి. బ్యాక్‌ప్లేన్ (పిక్సెళ్లను నడిపే ట్రాన్సిస్టర్ల పలక) మీద కర్బన పొర వేసే ముందు ఉపరితలం సిద్ధం చేసే సెక్షన్‌లో పనిచేయడానికి ఇక్కడి పిల్లలను తీసుకుంటారా, తీసుకుంటే వాళ్లకు ఎక్కడ, ఎవరు శిక్షణ ఇస్తారు? వచ్చిన జవాబు ఏదైనా సరే, ఉన్నదున్నట్టు అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్,
హనుమకొండ